రెండు పాయింట్లు, నాలుగు నిమిషాలు

కల్యాణ మంటపంలో కూర్చోబెట్టారు మమ్మల్ని,
జయనగర్‌లో.
ఆ నెల పెళ్ళిళ్ళన్నీ రద్దు.
కుర్చీల వీపులకు కట్టిన ఎర్ర సాటిన్ ముడులు
విప్పే తీరిక ఎవరికీ లేదు.
పెళ్ళిపీటలు వేసే చోట
రెండు ప్రింటర్లు, ఒక నీళ్ళ క్యాను.

నా పని అడగడం.
పేరు. వయసు. వార్డు.
ఆక్సిజన్ ఎంత చూపిస్తోంది?
వేలికి పెట్టే క్లిప్పు లేదంటే
పక్కింట్లో అడగండి అని చెప్పడం.
పక్కింటివాళ్ళు తలుపు తీయట్లేదంటే
ఏం చెప్పాలో కాగితంలో లేదు.

కాగితమంటే గోడకు అంటించినది.
తొంభై లోపు పడక, ఉంటే.
అంకె ఎంత చిన్నదైతే అంత ముందు.
"ఉంటే" కింద ఎవరో పెన్సిల్‌తో గీత గీశారు.
నేను కాదు.

మే నెల, మంగళవారం, రాత్రి రెండూ నలభై.
తెర మీద పచ్చ చుక్క వెలిగింది.
ఒక్కటే.
ఆ వేళప్పుడు అది ఎందుకు వెలుగుతుందో
మాకందరికీ తెలుసు.
తెలిసీ, వెలిగితే చాలు
అమ్మయ్య అనుకునేవాళ్ళం.

నా చెవిలో రెండు లైన్లు.
ఒకటి కన్నడం. భాగీరథి.
తండ్రి పుట్టస్వామి, అరవై ఒకటి, షుగరు,
ఎనభై నాలుగు.
ఆమె ఏడవలేదు. టీచరేమో,
ప్రతి అంకెనూ రెండుసార్లు పలికింది.

రెండోది తెలుగు.
టీవీ తెలుగు కాదు, మా చింతామణి తెలుగు.
"అమ్మణ్ణీ, మా తమ్ముడు ఎగపోస్తా ఉండాడు.
రెడ్డెప్ప. నలభై మూడు.
ఇద్దురు ఆడబిడ్డలు.
ఈ డబ్బాలో ఎనభై ఆరు అని పడతా ఉంది,
అది మంచిదా చెడ్డదా అమ్మణ్ణీ?"

మా నాయిన పోయినాక
ఈ ఊళ్ళో నన్నెవరూ అట్లా పిలవలేదు.

డాక్టర్ ఫరీదా మెట్ల మీద కూర్చుని ఉంది,
పొట్లంలో చిత్రాన్నం,
పొద్దుట్నుంచి అదే మొదటి ముద్ద.
ఇద్దరున్నారు మేడమ్, అన్నాను.
సాచురేషన్?
ఇద్దరూ ఎనభైల్లో.
(అబద్ధం కాదు.)
వయసు చూడు, అంది.
వద్దు, వయసు చూడకు, అంది.
ముద్ద మళ్ళీ పొట్లంలో పెట్టేసి
ముందు ఎవరు చేశారు ఫోను, అంది.

భాగీరథి. నాలుగు నిమిషాలు ముందు.

ఒకేసారి మేడమ్, అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుంది.
పిల్లలున్నవాడికి ఇవ్వు, అంది,
నా వైపు చూడకుండా.
ఆ తీర్పు బరువు ఈనాటికీ
ఆవిడే మోస్తూ ఉంటుంది. నాది అని తెలియక.

భాగీరథికి చెప్పాను, వెయిటింగ్‌లో ఉన్నారని.
ఎన్నో నంబరు, అని అడిగింది.
ఒకటి, అన్నాను.
అది నిజమే.
థ్యాంక్స్ మేడమ్, అంది,
రెండుసార్లు.

మళ్ళీ చుక్క వెలిగేసరికి ఆరున్నర.
ఆ లైను ఎవరూ ఎత్తలేదు.

రెడ్డెప్ప బతికాడో లేదో తెలియదు.
బతికి ఉంటే
నేను చేసింది ఒప్పవుతుందా?
పోయి ఉంటే ఇంకొంచెం తప్పవుతుందా?
చాలా రాత్రులు ఈ లెక్క వేశాను,
వేసిన ప్రతిసారీ వేరే జవాబు.

న్యాయంగా ఉన్నాననే అనుకునేదాన్ని నేను.
కులం అడగలేదు, ఎమ్మెల్యే మనిషి ఫోన్ చేస్తే
లైను కట్ అయినట్టు నటించాను.
నన్ను కొనడానికి డబ్బు అక్కర్లేదని,
నా చిన్నప్పటి పిలుపొక్కటి చాలని
నాకే తెలియదు.
తక్కెడలో వేస్తే తూగిందంతే:
రెండు పాయింట్లు, నాలుగు నిమిషాలు.

తర్వాత అందరికీ సర్టిఫికెట్లిచ్చారు.
నా పేరులో ఒక అక్షరం తప్పు. దిద్దమని అడగలేదు.
ఇప్పుడు గ్యాస్ బుకింగ్ ఆఫీసులో ఉన్నాను.
ముందెవరో వెనకెవరో యంత్రమే చెబుతుంది.

భాగీరథి నంబరు నా దగ్గరుంది.
పాత డైరీలో, పేరు లేకుండా.
ఒకసారి తొమ్మిది అంకెలు నొక్కి ఆపేశాను.
ఆమె ఎత్తితే
పేరు, వయసు, వార్డు అడగడం తప్ప
ఆ గొంతుతో మాట్లాడటం
నాకింకేమీ రాదు.